పదో తరగతి పాసైన పట్టభద్రుడు

లేని చదువు ఉందని చెప్పి ఉద్యోగం సంపాదించినవాళ్లను చాలామందిని చూశాం. ఈయన ఉన్న చదువు లేదని చెప్పి సంపాదించాడు. పద్దెనిమిదేళ్లుగా ఒక ఆఫీసులో అటెండరు.

నిజానికి డిగ్రీలో కాలేజీకే ఫస్టు. ఆ కాగితం పట్టుకుని నాలుగేళ్లు చెప్పులరిగేలా తిరిగాడు. గుమస్తా పనికి వెళ్తే "అనుభవం ఉందా?" అన్నారు. గోడౌనులో మూటలు దించే పనికి వెళ్తే "డిగ్రీ చదివినవాడివి, నాలుగు రోజుల్లో మానేస్తావు" అన్నారు. పైకి పోదామంటే చాలదట, కిందికి దిగుదామంటే ఎక్కువట! అలాంటి కాగితాన్ని ఏం చేసుకోవాలో మీరే చెప్పండి. చివరికి ఈ ఆఫీసు ప్రకటన కంటపడింది. అటెండర్లు కావలెను, పదో తరగతి దాటి చదివినవారు అనర్హులు. అప్పటికి భార్యకు ఏడో నెల. "పదో తరగతి మించి చదవలేదు" అని రాసిచ్చి సంతకం పెట్టాడు.

ఫైళ్లు మోయడం, బెల్లు కొడితే పరుగెత్తడం ఆయనకు కష్టమనిపించలేదు. తెలిసీ తెలియనట్టు ఉండడమే అసలైన గాడిద చాకిరీ. కవరు మీద ఇంగ్లీషులో పేరు కనిపిస్తున్నా "ఇది ఎవరిదండీ?" అని అడిగి మరీ ఇచ్చేవాడు. సెలవు చీటీ కూడా గుమస్తా కుర్రాడితోనే రాయించుకునేవాడు.

"ఏమని రాయమంటావు బాబాయ్?"

"జ్వరమని రాయి నాయనా."

"మొన్న కూడా జ్వరమేగా?"

"అయితే ఈసారి కొంచెం పెద్ద జ్వరమని రాయి."

కుర్రాడు మూడు లైన్లలో నాలుగు తప్పులు రాసేవాడు. ఈయన అన్నీ చూసి, తెల్లమొహం వేసుకుని, కింద సంతకం గీకేవాడు. ఎక్కడ నోరు జారతానో అన్న భయంతో ఇంట్లోనూ పుస్తకం ముట్టలేదు. కూతురు పాఠంలో సందేహం అడిగితే "మీ టీచరమ్మను అడుగు తల్లీ" అని తప్పుకునేవాడు. ఆ పిల్ల తండ్రికి చదువు రాదనే అనుకుంటూ పెరిగింది.

నిరుడు ఒక సర్క్యులర్ వచ్చింది. పదేళ్ల సర్వీసు, డిగ్రీ ఉన్న అటెండర్లను ఇకనుంచి ఏటా గుమస్తాలుగా తీసుకుంటారట. ఆ మాట చెప్పగానే భార్య పెట్టె అడుగు నుంచి సర్టిఫికెట్ తీసి చేతిలో పెట్టింది.

"ఇన్నేళ్లు నిలబడ్డారు. ఇక కూర్చోండి" అంది.

మేనేజరమ్మ చిన్న వయసుది, మంచిది. సర్టిఫికెట్ చూసి ముందు మురిసిపోయింది. తర్వాత దానిమీద సంవత్సరం చూసింది. లేచి వెళ్లి గది తలుపు వేసింది.

"ఇది మీరు ఇక్కడ చేరకముందుది కదా బాబాయ్?"

ఆయన తలూపాడు.

"నేను దీన్ని పైకి పంపితే గుమస్తా కుర్చీ సంగతి దేవుడెరుగు, అబద్ధం రాసిచ్చారని ఉన్నదే ఊడగొడతారు. నేను చూడలేదు, ఇంటికి పట్టుకెళ్లండి." ఆయన గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచింది. "చేరాక చదివిన డిగ్రీ అయితే ఏ చిక్కూ లేదు. పదో తరగతివాళ్లను నేరుగా తీసుకునే దూరవిద్య ఉంది, కట్టండి. మీకేం, ఒకసారి పాసైనవారేగా!"

ఉన్న డిగ్రీ కోసం మళ్లీ మూడేళ్లు చదవాలట. వింటే నాకే ఒళ్లు మండింది. ఆయనకు మాత్రం కోపం రాలేదు. పాత సబ్జెక్టులే తీసుకున్నాడు. పుస్తకాలు వస్తే తిరగేశాడు. ప్రతి పేజీ ఎరిగున్నదే అనిపించింది. "ఇది తెలిసిందే, ఇదీ తెలిసిందే" అనుకుంటూ మూసేశాడు. మొదటి ఏడాది పరీక్షలకు నెలన్నర టైముంటే రెండు ఆదివారాలు కూర్చున్నాడంతే.

పరీక్ష హాల్లో చుట్టూ కూతురి ఈడు పిల్లలు. ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఒకప్పుడు పూర్తి మార్కులు తెచ్చిన ప్రశ్న. ఆ పాఠం చెప్పిన రోజు లెక్చరరు ఏ కిటికీ పక్కన నిలబడ్డారో గుర్తొచ్చింది. జవాబు ఎడమవైపు పేజీలో ఉండేదని కూడా గుర్తొచ్చింది. జవాబు మాత్రం రాలేదు. రెండోది చూశాడు, మూడోది చూశాడు. ఎలాగో ఒక వాక్యం మొదలుపెడితే సగంలో ఆగిపోయింది. తర్వాత ఏ మాట రాయాలో తోచక పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. గంట గడిచింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

కాపలా ఉన్న టీచరమ్మ చూసి దగ్గరికొచ్చింది. పెద్దాయన కదా అని జాలిగా వంగింది.

"చదువు మానేసి చాలా ఏళ్లయిందా బాబాయ్? ఎంతవరకు చదివారు?"

"పదో తరగతమ్మా" అన్నాడాయన. ఈసారి అది అబద్ధమని ఆయనకు అనిపించలేదు.