పిల్లి వంతు చేప

మా పిల్లి వాంతి చేసుకునే ముందు దాని గొంతులోంచి ఒక చప్పుడు వస్తుంది. బోరింగు కొడుతుంటే నీళ్ళు పడే ముందు వచ్చే చప్పుడు లాంటిది. కుట్టుమిషను మీద ఎంత జోరుగా ఉన్నా సరే, అది వినబడిందంటే నా కాలు ఆగిపోతుంది. ఎవరి జాకెట్టు ఎంత అర్జెంటైనా అంతే. ఈ ఎండాకాలం దాకా రెండేళ్ళ పాటు ఇదే వరస. వారం పది రోజులు బాగుంటుంది, హమ్మయ్య అనుకునేలోగా తిన్నదంతా కక్కేస్తుంది. కక్కగా మిగిలింది నీళ్ళలా పోతుంది. గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి, మూతి నాక్కుని, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్ళిపోతుంది.

బారువకు దగ్గర్లో సముద్రం ఒడ్డున మా ఊరు. అమ్మ లేదు. నాన్న, తమ్ముడు, నేను. నాన్న ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ వేటకెళ్ళాడు. మా ఊళ్ళో వేటంటే చేపల వేటే, ఇంకొకటి లేదు. మోకాళ్ళు మొరాయించాక అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. పడవ ఇప్పుడు తమ్ముడిది. నేను ఇంట్లో బట్టలు కుడతాను, ఊళ్ళో నాకు నోరెక్కువని పేరు. నోరెక్కువ ఉన్నవాళ్ళకి ధైర్యం కూడా ఎక్కువని జనం అనుకుంటారు గానీ, నా అంత పిరికిది మా వీధిలో లేదు. భయమేసినప్పుడల్లా అరుస్తాను, అంతే.

ఈ ఏడు ఎండలు ముదిరే ముందు పిల్లి మంచం కిందికి వెళ్ళి ఇక బయటికి రాలేదు. లాగి ఒళ్ళో పెట్టుకుంటే ఎముకలు చేతికి గుచ్చుకున్నాయి. మా దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు గేదెల్నీ మేకల్నీ చూసే మనిషి. పిల్లిని చూసి నవ్వలేదు, పాపం. టెక్కలిలో ఒకాయన కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తాడని చెప్పి పంపాడు. బుట్టలో పాత చీర పరిచి, దాన్ని పడుకోబెట్టి, పైన వల ముక్క కట్టి బస్సెక్కాను. కండక్టరు బుట్టలోకి తొంగి చూసి, "కోడేటమ్మా?" అన్నాడు. వేరే రోజైతే వాడి పని పట్టేదాన్ని. ఆ రోజు దాని పొట్ట కదులుతోందో లేదో చూసుకోవడంతోనే సరిపోయింది. పలాస దాటేవరకూ కదులుతోంది. తరవాత నిద్రపోయిందో, స్పృహ తప్పిందో తెలియలేదు. వేలు పెట్టి పొడిచాను. కళ్ళు తెరిచి విసుగ్గా చూసింది. ఆ విసుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

మా ఉద్దానం వైపు ఎవరికి వాంతులైనా అందరం ముందు అడిగేది ఒకటే. నేనూ అదే అడిగాను. "కిడ్నీలాండీ?"

టెక్కలి డాక్టరు రక్తం కాగితం చూస్తూ తల అడ్డంగా ఊపాడు. "కిడ్నీలు బాగానే ఉన్నాయమ్మా. పేగులు వాచి ఉన్నాయి. ఇది తగ్గిపోయే జబ్బు కాదు, జాగ్రత్తగా సాకుతూ ఉండాలి. దీనికి చేప పడటం లేదు. పచ్చిది గానీ ఎండుది గానీ, తల గానీ తోక గానీ పెట్టొద్దు."

"మాది వేట ఇల్లండీ," అన్నాను.

"అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ఇంకొకసారి ఇంతలా నీరసపడితే బతికించలేం."

మెడ దగ్గర చర్మం పట్టి వదలమన్నాడు. వెంటనే సర్దుకుంటే ఒంట్లో నీళ్ళున్నట్టు, మడత అలాగే నిలబడిపోతే లేనట్టు. ఆ రోజు మడత అలాగే నిలబడిపోయింది. చర్మం కింద సెలైను ఎక్కించడం నేర్పించాడు. రోజంతా సూదితో బతికేదాన్నే, అయినా ఆ సూదిని మూడోసారికి గానీ సరిగ్గా గుచ్చలేకపోయాను. పిల్లి మాత్రం కదల్లేదు. దానికి కదిలే ఓపిక లేదు.

ఇంటికొచ్చాక నా బతుకంతా దాని కడుపు చుట్టూ తిరిగింది. ఉప్పూ పసుపూ లేకుండా ఉడికించిన కోడి, దాంట్లో మెత్తటి గుమ్మడి ముక్క, కొంచెం జావ. మాత్ర సగం విరిచి, నూరి, కోడి ముక్కలో దాచి పెడితే, మాత్రను మాత్రం జాగ్రత్తగా ఉమ్మేసి మిగతాది తినేది. పొద్దున్నే లేచి దాని మట్టిపెట్టె చూడటం, అందులో ఉన్నది గట్టిగా ఉందా, పలచగా ఉందా అని కర్రతో కదపడం నా మొదటి పని. పక్కింటి పిన్ని గోడ మీంచి చూసి, "ఓలమ్మ, ఇదేటే! కన్నబిడ్డకైనా ఇంత సూత్తారేటే?" అంది. చూడరు అన్నాను. చూడాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

అదృష్టం కొద్దీ అప్పుడే వేట నిషేధం మొదలైంది. వేసవిలో రెండు నెలల పాటు ఎవరూ సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. పడవలన్నీ ఇసక మీదికి ఎక్కాయి. ఊరంతా పనిలేక కూర్చుంది, కొందరు జీడితోటల్లో కూలికి వెళ్ళారు. వీధిలో పచ్చి చేప వాసన పోయింది. ఎండు చేపల బుట్టని నేనే పిన్నివాళ్ళింట్లో పెట్టించాను. మా పిల్లి మెల్లగా కోలుకుంది. ముందు ఒళ్ళు నాక్కోవడం మొదలెట్టింది, తరవాత కిటికీ ఎక్కింది, ఆ తరవాత నా కత్తిరింపు ముక్కల మీద పడి ఆడింది. ఎవరికైనా సంతోషం కలగాలి కదా. నాకు కలగలేదు. నిషేధం అయిపోయే రోజు దగ్గరపడే కొద్దీ నాకు అన్నం దిగడం మానేసింది.

ఎందుకంటే నాన్నకొక పట్టింపు ఉంది. ఊరి పట్టింపు కాదు, నాన్నదే. నిషేధం అయిపోయి తొలి వేటకి మన పడవ నీళ్ళలోకి దిగిన రోజు, ఒడ్డుకు ముందుగా ఏ పడవ వస్తే దాంట్లోంచి నాలుగు చేపలు అడిగి తెచ్చి ఇంటి పిల్లికి పెట్టాలి. పిల్లి తింటేనే మన పడవ క్షేమంగా వస్తుంది. నేను పుట్టకముందు ఒక ఏడు ఎవరో మరిచిపోయారట. ఆ రోజు ఒడ్డు దగ్గర అలల్లో పడవ బోల్తా కొట్టి నాన్న అన్న పోయాడు. పెదనాన్నని నేను చూడలేదు. ఆయన మాట వచ్చినప్పుడు నాన్న ఎటో చూడటం మాత్రం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

టెక్కలి నుంచి వచ్చిన రోజే డాక్టరు మాట చెప్పాను. నాన్న విన్నాడు, పిల్లి తల నిమిరాడు. "పడవ ఇసక మీదున్నంతకాలం నీ ఇట్టం," అన్నాడు. "నీళ్ళలో దిగింతర్వాత నా మాట."

"నీ మాట ఇంటే ఇది సచ్చిపోద్ది నాన్నా."

"ఆడు సముద్రంలో ఉంటాడే. అది గుర్తెట్టుకో."

నాకు పిల్లి భయం, ఆయనకి కొడుకు భయం. తూకం వేస్తే ఎటు మొగ్గుతుందో నాకు తెలియదా! పైగా నాలో సగం ఆయన మాట నమ్ముతుంది. చదువుకున్న సగం నమ్మదు, పదో తరగతి వరకే చదివాను కాబట్టి ఆ సగం అంత గట్టిది కాదు.

తొలి వేట రోజు తెల్లారకుండానే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పడవలు దించారు. తమ్ముడు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "అక్కా, పిల్లి సంగతి నాన్నకి ఒగ్గీ. నువ్వు గొడవెట్టకు." వాడు నవ్వుతూ అన్నాడు గానీ, ఊరికే అన్న మాట కాదది. వాడు వెళ్ళగానే పిల్లిని మిషను గదిలో పెట్టి బయట గడియ వేసి, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను.

ఎండ ఎక్కే వేళకి నాన్న ఒడ్డు నుంచి వచ్చాడు. తువ్వాలు మూట విప్పితే నాలుగు కవళ్ళ చేపలు, ఇంకా తళతళ మెరుస్తున్నాయి. వాసన తలుపు కింద నుంచి లోపలికి వెళ్ళింది. రెండు నెలల తరవాత తగిలిన వాసన. పిల్లి అరుపు అందుకుంది. తలుపు గీరింది. దాని గొంతులో అంత బలం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు, ఆ బలం తెచ్చింది నేనే.

"లెగు," అన్నాడు నాన్న.

లేవను అన్నాను. కావాలంటే నా మీద నుంచి దాటి వెళ్ళమన్నాను. మోకాళ్ళ నొప్పుల మనిషిని అలా అనకూడదు, అయినా అన్నాను. ఆయన అరవలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడి, చేపల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈగలు ముసిరాయి. తోలుకుంటూ కూర్చున్నాడు.

కాసేపటికి పిన్ని వచ్చింది. ఒడ్డున చేపల వేలం అయిపోవచ్చింది, మన వీధి పడవలన్నీ వచ్చేశాయి, మీది ఒక్కటే రాలేదు అంది. గాలి తిరిగింది, ఒడ్డు దగ్గర అల పెద్దదైంది అంది. చెప్పడానికి ఇష్టం లేనట్టు చెప్పి, వెళ్ళలేక గుమ్మం దగ్గరే నిలబడింది. తమ్ముడికి ఫోను చేశాను. పోలేదు. మళ్ళీ చేశాను. మా ఇంటి దగ్గరికి సముద్రం హోరు మామూలుగానే వినిపిస్తుంది, కానీ ఆ రోజు అది మా పెరట్లోకి వచ్చి నిలబడినట్టుంది. పెదనాన్న మొహం నాకు తెలియదు కదా, అందుకని తమ్ముడి మొహమే కనబడుతోంది.

లేచాను. పీట పక్కకి తన్నాను. గడియ తీసి తలుపు బార్లా తెరిచాను. "పెట్టీ నాన్నా," అన్నాను. "బేగి పెట్టీ."

పిల్లి బాణంలా వచ్చి నాన్న ఒళ్ళోకి ఎగబడింది. నాన్న చేపలున్న చెయ్యి పైకెత్తాడు. రెండో చేత్తో దాన్ని పొట్టకు అదుముకున్నాడు. అది ఆయన మోచేతిని గీరుతూ పైకి ఎక్కుతోంది, ఆయన చెయ్యి ఇంకా పైకి లేపుతున్నాడు. నేను మళ్ళీ పెట్టమని అరిచాను.

"ఎలాగెట్టేదే?" అన్నాడు నాన్న. "దీని ఎముకలు సూసినాను కదే నాను."

కళ్ళ నిండా నీళ్ళు. పిల్లిని నా చేతుల్లో పడేసి, గోడ పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్ళి నాలుగు చేపల్నీ కాకులకు విసిరేశాడు. పిన్ని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న అక్కడే నిలబడ్డాడు. ఆ కాసేపు నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. ఇప్పుడేం జరిగినా దానికి కారణం మా ఇద్దరమే అనిపించింది. పిల్లిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, అది కీచుమంది.

పిల్లిని మిషను గదిలో పెట్టి గడియ వేసి, ముగ్గురం ఒడ్డుకు వెళ్ళాం. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. అంతకు ముందు ఎప్పుడూ ఎవరి ఆసరా తీసుకోని మనిషి. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. అల వెనక పడవ ముక్కు కనబడి మాయమైంది, మళ్ళీ కనబడింది. ఇంజిను చెడిపోతే తెడ్లు వేసుకుంటూ వస్తున్నారు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా నీళ్ళలోకి దిగి తాడందుకుని లాగారు. తమ్ముడు నడుము లోతు నీళ్ళలోకి దూకి, రొప్పుతూ నాన్న ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పిల్లికి ఎట్టినావా?" అన్నాడు. మొదటి మాట అదే.

నాన్న వాడి తల తుడుస్తూ, "ఎట్టినాన్రా," అన్నాడు. "మొత్తం తినీసింది."

వాడి మొహం విప్పారింది. "అందుకే వచ్చాం," అన్నాడు. నేను ఇసక వైపు చూశాను. పిన్ని సముద్రం వైపు చూసింది. పిన్ని ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి, తొలి వేటకే కాదు, పడవ దిగిన ప్రతి రోజూ పిల్లికి పెట్టాలని తమ్ముడు పట్టుబట్టాడు. వాడు అడగడం, మేం పెట్టామనడం అలవాటైపోయింది. పిల్లి కోడీ గుమ్మడీ తిని బొద్దుగా తయారైంది. మొన్న వాడు దాన్ని ఎత్తుకుని బరువు చూసి, "సూసావా అక్కా, నువ్వూ నీ డాకటేరూ! సేప పడతంది దీనికి," అన్నాడు. ఔన్రా, పడుతోంది అన్నాను. వాడు నిశ్చింతగా వేటకి వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళిన ప్రతిసారీ నాన్న వల పక్కన పెట్టేసి మిషను గదిలోకి వచ్చి కూర్చుంటున్నాడు. పిల్లి ఆయన ఒళ్ళోకి ఎక్కి, చేపలు పట్టిన ఆ చేతుల్ని వాసన చూసి నాకుతుంది. ఆయన చేతులు వెనక్కి లాక్కుని, సబ్బుతో కడుక్కొచ్చి మళ్ళీ కూర్చుంటాడు. ఎండ ఎక్కి పడవలు తిరిగొచ్చే వేళకి ఇద్దరం మాటలు ఆపేస్తాం.

"మిసను ఆపే," అంటాడు నాన్న. "ఇంజిను ఇనబడదు."

ఆపేస్తాను.