తెర మీద తొట్టెల

భూమి కదలికలు చూసే ఆఫీసులో పని చేస్తానని చెప్పగానే ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే: మళ్ళీ ఎప్పుడొస్తుంది? తెలియదంటే మొహం మాడ్చుకుంటారు. తెలియనప్పుడు ఇన్ని జీపులు, ఇన్ని యంత్రాలు ఎందుకని మా పెదనాయన సంగారెడ్డిలో ఒక పెళ్ళిలో నలుగురి ముందే అడిగాడు. నేనూ నోరు మూసుకునే రకం కాదు. "డాక్టరు నాడి చూస్తడు గానీ నువ్వు ఏ పొద్దు పోతవో చెప్తడా పెదనాయనా?" అన్నాను. భోజనాలు అయ్యేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.

ఆ వానాకాలం అమీన్‌పూర్ అవతల, గుట్టల కింది బస్తీ నుంచి మా ఆఫీసుకు ఫోన్లు మొదలయ్యాయి. నేల కింద నుంచి ఢామ్మని చప్పుడు వస్తోందట, అరల్లో గిన్నెలు దొర్లుతున్నాయట. ఆ వైపు పెద్ద చప్పుడు వినిపిస్తే జనం ముందు చూసేది పటాన్‌చెరు ఫ్యాక్టరీల దిక్కే. పొగ లేస్తోందా, అంబులెన్సు పోతోందా అని చూస్తారు. ఈసారి పొగ లేదు, అంబులెన్సు లేదు. చప్పుడు వాళ్ళ కాళ్ళ కిందే ఉంది.

దీనికి మా దగ్గర జవాబు ఉంది. అక్కడ నేలంతా గట్టి బండ. వానలు ఎక్కువైతే నీళ్ళు పగుళ్ళలోకి దిగి ఒత్తిడి పెరుగుతుంది, బండ లోపల ఎక్కడో కొంచెం సర్దుకుంటుంది. చాలా చిన్న కదలిక అది. లోతు తక్కువ కాబట్టి చప్పుడు మాత్రం గట్టిగా వినిపిస్తుంది. మామూలుగా దానికి ఇళ్ళు కూలవు. ఆ బస్తీలో కూడా మొదటి నాలుగు గుమ్మాల ముందు ఈ మాట ధైర్యంగానే చెప్పాను.

చివరి ఇల్లు చూశాక ఆ ధైర్యం పోయింది. గుట్టకు ఆనించి కట్టిన రేకుల ఇల్లు అది. వెనక గోడ మీదికి వాలినట్టు ఏనుగంత రాతి గుండు ఉంది. దాని కింది మట్టి వానకు కొట్టుకుపోతోంది. గోడలో పైనుంచి కిందిదాకా వేలు దూరేంత పగులు. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు, నిండు నెలల కోడలు ఉంటారు. కొడుక్కి పటాన్‌చెరులో మందుల కంపెనీలో షిఫ్టు పని. అప్పటికే బస్తీ మొత్తం ఇళ్ళు వదిలి ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్లలో టార్పాలిన్లు కట్టుకుని ఉంది.

"ఈ గోడ ఆగేటట్టు లేదు. వానలు పోయేదాంక ఇంట్ల అడుగు పెట్టకుండ్రి" అని ముగ్గురికీ చెప్పాను. సరేనన్నారు.

భూమి కదలికలు నమోదు చేసే మా యంత్రం ఆ ఇంట్లోనే పెట్టాం. వెనక గదికి గచ్చు లేదు, సాక్షాత్తు బండే నేల. యంత్రానికి కావలసింది అదే. పైగా మనుషులు లేని ఇల్లు, అలికిడి ఉండదు. నేల కడిగించాం. దిక్సూచి పెట్టి ఉత్తరం చూసి సున్నంతో గీత గీశాం. యంత్రం కాళ్ళు తిప్పుతూ, పైనున్న గాజులో బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాం. చుట్టూ ఇటుకలు పేర్చి మూత పెట్టాం. ఎవరూ ముట్టొద్దు, చెప్పులతో రావొద్దు, దాని మీద నుంచి దాటొద్దు అని చెప్పాను. అవ్వ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడి అంతా శ్రద్ధగా చూసింది. పెద్దావిడ మాట వింటోందని సంతోషపడ్డాను.

కాకతాళీయమే గానీ, ఆ రోజు నుంచి చప్పుళ్ళు ఆగిపోయాయి. కోడలికి ఆడపిల్ల పుట్టిందని కొడుకు ఫోన్ చేసి చెప్పాడు.

మా ఆఫీసులో ఒక పెద్ద తెర ఉంటుంది. యంత్రానికో గీత చొప్పున దాని మీద నడుస్తూ ఉంటాయి. లారీ పోతే గీత గరుకెక్కుతుంది. బోరు మోటారు వేస్తే ఒకే తీరుగా వణుకుతుంది. కొన్నేళ్ళు చూస్తే ఏ గీత ఎందుకు కదిలిందో దాదాపు చెప్పేయొచ్చు. ఒక ముసురు పొద్దున చాయ్ తాగుతూ చూస్తుంటే అవ్వ ఇంటి గీత ఊగుతోంది. మెత్తగా లేచి, మెత్తగా పడుతోంది. పోను పోను చిన్నదై ఆగింది. కాసేపటికి ఒక చిన్న కుదుపు, మళ్ళీ ఊగడం మొదలైంది.

మోటారు కాదు. లారీ కాదు. గాలి అసలే కాదు. మా అక్క పిల్లలిద్దరినీ నిద్రపుచ్చిన చేతులు నావి. తాడు లాగి వదిలితే తొట్టెల అలాగే ఊగుతుంది, అలాగే ఆగుతుంది. ఆ గదిలో పిల్ల ఉంది. పగిలిన గోడ కింద, యంత్రం పక్కన, తొట్టెల కట్టారు.

కొడుక్కి ఫోన్ చేశాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆ కంపెనీల్లో ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుని గానీ లోపలికి పంపరు. షిఫ్టు దిగేదాకా ఆ ఫోన్ గేటు గదిలోనే మోగుతుంది. ఇంట్లో ఇంకొక ఫోన్ లేదు. డ్రైవరును కేకేసి జీపెక్కాను.

దారంతా వానే. బీరంగూడ దగ్గర రోడ్డు మీద నీళ్ళు నిలిచి బస్సులు, కంపెనీ వ్యాన్లు కదలడం లేదు. నా ఫోన్‌లోనూ ఆ గీత కనిపిస్తుంది. చూడకుండా ఉండలేకపోయాను. ఊగుతున్నంతసేపు పిల్ల బతికి ఉన్నట్టు, ఊగుతున్నంతసేపు పిల్ల ఆ గోడ కిందే ఉన్నట్టు. ఆగితే భయం, ఊగితే భయం. "మేడం, ఫోన్ పక్కకు పెట్టుండ్రి, పరేషాన్ అయితున్నరు" అన్నాడు డ్రైవరు. నువ్వు ముందు చూసి నడుపు అని కసిరాను.

బస్తీకి వెళ్ళేసరికి టార్పాలిన్లు నీళ్ళ బరువుకు కుంగిపోయి ఉన్నాయి. వాటి కింద ఒక్క మనిషి లేదు. అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు. అవ్వ ఇంటి వెనక గదిలోకి పరుగెత్తాను. యంత్రం మూతకు పసుపు, కుంకుమ బొట్లు. చుట్టూ ముగ్గు. దాని పక్కనే ఇనుప పైపుకు చీరతో కట్టిన తొట్టెల, అందులో ముడుచుకుని నిద్రపోతున్న పిల్ల. గోడ పగులు ఇప్పుడు చెయ్యి దూరేంత అయింది. అందులోంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి.

"ఇంట్లకు రావద్దని చెప్పిన కదా అవ్వా!" అని అరిచాను.

అవ్వ తాడు వదల్లేదు. "జెర మెల్లగ మాట్లాడు బిడ్డా, ఇప్పుడే పన్నది. బయట బురదల పసిగుడ్డును ఎట్ల పండవెట్టాలె? తేళ్ళు వస్తున్నయి. ఇంట్ల ఏం భయం? నువ్వే నిలవెట్టి పోతివి గదా."

"ఏం నిలవెట్టిన?"

"బొడ్రాయిని నిలవెట్టినట్టే నిలవెట్టినవ్. నేల కడిగినవ్, దిక్కు సూసినవ్, గీత గీసినవ్, ఎవ్వలు దాటద్దంటివి. ఆ దినం సంది భూమి సప్పుడు చేసిందా?"

మా వైపు ఊరి నడుమ బొడ్రాయి పాతేటప్పుడు నిజంగానే అన్నీ అలాగే చేస్తారు. అది ఉన్న ఊరికి కీడు రాదని నమ్మకం. చిన్నప్పుడు మా నాయనమ్మ చేయి పట్టుకుని నేనే చూశాను ఆ పండుగ. అంత చూసినదాన్ని, ఆ గుమ్మంలో అవ్వ చెప్పులు ఎందుకు విడిచిందో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఎవరూ రాకూడని గది అని నేను పెట్టిన యంత్రమే వాళ్ళందరినీ లోపలికి పిలిచింది.

"అది ఆపేది కాదవ్వా. కదిలితే ఇని మాకు చెప్తది. అంతే."

"ఇననియ్యి. ఇనేటోడు ఇంట్ల ఉంటే లొల్లి చేసేటోడు భయపడడా?"

ఇంకేం చెప్పను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందులో చెవిటిది ఆమో నేనో కూడా తేలలేదు. పైన రేకుల మీద వాన పెరిగింది. గోడలోంచి చిన్న రాయి ఒకటి జారి తొట్టెల కింద పడింది. తలుపు దగ్గర చాప మీద కూర్చున్న బాలింత ఆ రాయి వైపు చూసింది, నా వైపు చూసింది.

అప్పుడు నాకు తట్టింది. యంత్రం ఎక్కడుంటే వీళ్ళు అక్కడుంటారు.

బయటికి వచ్చి మా సారుకు ఫోన్ చేశాను. యంత్రాన్ని బడికి మారుస్తానని చెప్పాను. బడి మట్టసంగా ఉన్న నేల మీద కొత్తగా కట్టిన భవనం, ఆ రోజు వానలకు సెలవు. సారు ఒప్పుకోలేదు. "గుట్టకు దగ్గరగా ఉన్నది అదొక్కటే. తీసేస్తే ఆ కాసేపట్లో వచ్చినదానికి లోతు లెక్క తేలదు. జనాన్ని ఖాళీ చేయించడం రెవెన్యూవాళ్ళ పని, నీది కాదు" అన్నారు. న్యాయమైన మాటే. నేను సరే సార్ అని ఫోన్ పెట్టేసి, లోపలికి వెళ్ళి యంత్రం ఆపేశాను.

"అవ్వా, ఒక్క ఇంట్ల పెడితే ఒక్క ఇంటికే. బస్తీ అంతటికి కావాలె కదా. బళ్ళె నిలవెడుత. నువ్వే ముందు నడువు."

"నిలవెట్టినదాన్ని పీకుతరా ఎవలన్న?" అవ్వ లేచి యంత్రానికి అడ్డంగా నిలబడింది. "పీకితే అరిష్టం. నేను పీకనియ్య."

అప్పటిదాకా మాట్లాడని కోడలు చాప మీద నుంచి లేచింది. తొట్టెలలోంచి పిల్లను ఎత్తి గుండెలకు హత్తుకుంది. "అత్తమ్మా, అది ఏడుంటే నేను నా బిడ్డ ఆడనే ఉంటం. నువ్వు వస్తె రా, లేకుంటె లే" అంది. అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ ఇంట్లో అలాంటి మాట అదే మొదటిసారి అయి ఉంటుంది. కాసేపటికి అవ్వ అడ్డం తొలిగి, చెంబులో నీళ్ళు, గుప్పెట్లో పసుపు పట్టుకుని బయటికి నడిచింది.

డ్రైవరు బ్యాటరీ ఎత్తుకున్నాడు. నేను యంత్రాన్ని రెండు చేతుల్లో పొదివి పట్టుకున్నాను. అవ్వ ముందు నీళ్ళు చల్లుకుంటూ నడుస్తోంది. వెనక గొడుగు కింద పిల్లతో కోడలు. యంత్రం పోతోందని చూసి ఒక్కొక్క ఇంట్లోంచి జనం బయటికి వచ్చి మా వెనక పడ్డారు. నేను రమ్మని ఎవరినీ పిలవలేదు, వద్దని అనలేదు.

బడి గేటు దగ్గరికి వచ్చాం. అప్పుడు కాళ్ళ కింద ఢామ్మంది. నా చేతుల్లో యంత్రం అదిరింది. బడి రేకు బోర్డు గలగలమంది, కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. ఆ వెంటనే గుట్ట వైపు నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. ఇది భూమిది కాదని అందరికీ తెలిసింది.

యంత్రాన్ని బడి అరుగు మీద పెట్టి వెనక్కి పరుగెత్తాను. అవ్వ ఇంటి వెనక గోడ మొత్తం లోపలికి పడిపోయింది. గుండు దొర్లి గది మధ్యలో ఆగింది. తొట్టెల కట్టిన ఇనుప పైపు దాని కింద వంగిపోయి ఉంది, చీర ముక్క ఒకటి బురదలోంచి బయటికి కనిపిస్తోంది. పక్కింటి గోడ పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ నా దగ్గరికి వచ్చింది. అప్పటికి పిల్ల ఆమె భుజం మీద ఉంది. "పీకద్దంటే ఇన్నవా? పీకంగనే సూడు ఏమాయెనో. నా ఇల్లు ముంచినవ్ గదనే! నీ చేతులు పడిపోను!" బస్తీ అంతా నన్నే చూస్తోంది. ఎవరూ ఆమెను ఆపలేదు. పీకకపోతే నీ భుజం మీద ఇప్పుడు ఏముండేది అవ్వా అని నాలుక చివరిదాకా వచ్చింది. నేను మాట పడే మనిషిని కాదు. కానీ ఆమె తిడుతూనే పిల్ల వీపు నిమురుతోంది, పిల్ల లేవకుండా.

"అవునవ్వా, నేనే పీకిన" అన్నాను.

సాయంత్రంలోగా బడి గదిలో యంత్రం నిలబెట్టాం. నేల కడిగాం, దిక్కు చూశాం, గీత గీశాం. ఈసారి నేనూ చెప్పులు విడిచాను. రాత్రికి అందరూ బడిలోనే పడుకున్నారు. ఇప్పటికీ అవ్వ నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటుంది. కొడుకు గుట్టకు దూరంగా కిరాయికి ఇల్లు తీసుకున్నాడు. ఇల్లు కూల్చినదాన్ని నేనేనని బస్తీలో అందరికీ తెలుసు. కాదనడానికి నా దగ్గర సాక్ష్యమూ లేదు. ఆ వానాకాలంలో వచ్చినవాటిలో పెద్దది అదే, అది వచ్చినప్పుడు దగ్గరి యంత్రం నా చేతుల్లో ఆగిపోయి ఉంది. తెర మీద ఆ గీత స్థానంలో ఖాళీ ఉంది. సారు చాలా కోప్పడ్డారు, నేను ఎదురు చెప్పలేదు.

యంత్రాన్ని బడికి మార్చిన మర్నాడే ఆయన పిలిచారు. "నువ్వు మార్చిన చోటు కూడా బాగాలేదమ్మా. గీతలో ఏదో ఊగుతోంది. ఏమిటో కనుక్కుని తీసేయించు."

తెర దగ్గరికి వెళ్ళాను. మెత్తగా లేచి, మెత్తగా పడుతోంది. చిన్నదై ఆగింది. ఒక చిన్న కుదుపు, మళ్ళీ మొదలైంది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"కనుక్కున్నాను సార్. ఉండనీయండి" అన్నాను.