పాతర మీద లేచిన గోడ

మా నాయన పోయాక మా అన్నలిద్దరూ ఒక్క విషయంలోనే ఒకే మాట మీద నిలబడ్డారు. అమ్మకు భాగం అక్కర్లేదన్నారు.

దినాలు ముగిశాయి. నేను ముదిగుబ్బలోని అత్తగారింటికి బయల్దేరుతుంటే పంపకాల కాగితం మీద సాక్షి సంతకం పెట్టి పొమ్మని ఆపారు. పామిడి నుంచి దస్తావేజులు రాసే ఆయనను పిలిపించారు. ఆయన అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుని, తాపీగా పిడుగులాంటి మాట చెప్పాడు.

"కొత్త చట్టం వచ్చిండాదప్పా. కొడుకులతో పాటు పెండ్లానికీ, కూతురికీ భాగముండాది. వీళ్లిద్దరూ వద్దని రాసిస్తేనే మీకు మొత్తం."

పెద్దన్న నవ్వాడు. "అమ్మకెందుకు సామీ భాగం? ఆర్నెల్లు నా కాడ, ఆర్నెల్లు వాని కాడ తింటాది."

"ఎండాకాలం ఆర్నెల్లు నీ కాడ," అన్నాడు చిన్నన్న వెంటనే.

అమ్మ తలుపు వెనక నిలబడి అంతా విన్నది. ఆమెకు పొలం మీద ఆశ లేదు. నాయన ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి ఆమెది, ఎవరికెంత సంగటి పెట్టాలో ఆమె ఇష్టం. ఇప్పుడు కోడళ్ల పొయ్యిల దగ్గర వంతులేసుకుని తినమంటున్నారు. "నా పొయ్యి నాకుండనీండిరా," అంది. ఎవరూ చెవిన పెట్టలేదు. దాంతో వేలిముద్ర వేయనని మొండికేసింది. నాకూ ఒళ్లు మండింది. అమ్మ వేస్తేనే నేనూ సంతకం పెడతానన్నాను.

కాగితం సంగతి తర్వాత, ముందు ఇంటి మధ్యన గోడ పెట్టేద్దామనుకున్నారు అన్నలు.

మాది మట్టి మిద్దె. నడిమింట్లో నేల కింద జొన్నల పాతర ఉంది. లోతుగా తవ్విన గుంతలో జొన్నలు పోసి, నోటికి బండ వేసి, పైన మట్టి మెత్తి పేడతో అలికేస్తే ఇల్లంతా ఒకటే నేల. వానలు మొహం చాటేసిన ఏడు ఆ గింజలే ప్రాణం. ఏటా నాయన కర్రతో చోటు చూపిస్తే అన్నలు తవ్వేవాళ్లు. ఆ చోటు నిజంగా తెలిసింది నాయనకూ, రోజూ ఆ నేల అలికే అమ్మకూ మాత్రమే.

అన్నలిద్దరికీ తమకూ తెలుసనే ధీమా. తాడు పట్టి ఇల్లు కొలిచినప్పుడు పాతర తన సగంలోకే వచ్చిందని పెద్దన్న లోలోపల మురిశాడు. చిన్నన్న కూడా అలాగే మురిశాడు. దాని ఊసెత్తితే రెండోవాడికి గుర్తొస్తుందని ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. వాళ్లు అంత సఖ్యంగా పనిచేయడం నేనెన్నడూ చూడలేదు. ఒకరు రాయి అందిస్తే ఇంకొకరు మట్టి మెత్తారు. అమ్మ ఇద్దరికీ మంచినీళ్లు అందిస్తూ, గోడ ఎక్కడ లేస్తోందో చూస్తూ ఊరుకుంది.

ఆ ఏడు వాన పడలేదు. ఎండలు ముదిరేసరికి రెండిళ్లలోనూ గింజలు అడుగంటాయి. నేను అమ్మను చూడ్డానికి వచ్చిన రోజు గోడకు అటు ఒక గడ్డపార చప్పుడు, ఇటు ఒక గడ్డపార చప్పుడు. అటు ఆగితే ఇటూ ఆగేది. రెండు వైపులా నేల కోళ్లు గెలికిన పెంటదిబ్బలా తయారైంది గానీ పాతర నోరు దొరకలేదు. చివరికి ఇద్దరూ బయటికొచ్చి, మట్టి కొట్టుకున్న మొహాలతో ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వాపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"అమ్మా, పాతర నోరు యాడుండాది?" అన్నాడు పెద్దన్న.

"మీరు పెట్టిన గోడ కింద."

"పెట్టేటప్పుడు చెప్పకపోతివే!"

"నన్నెవరడిగినార్రా? భాగం లేనిదానికి మాటెందుకని ఊరుకుంటి."

చిన్నన్న గడ్డపార ఎత్తాడు. అమ్మ వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఆ పామిడాయప్పను పిలిపించండి. అంతదాకా ఈన్నుంచి లేసేది లేదు."

ఆయన మళ్లీ వచ్చాడు, మళ్లీ మజ్జిగ తాగాడు. పొలమంతా కొడుకులకు, నడిమిల్లు అమ్మకు అని రాశాడు. అమ్మ వేలిముద్ర వేసింది. నేనూ సంతకం పెట్టాను. అప్పుడు గోడను తలుపంత మేర పగలగొట్టి బండ ఎత్తారు. లోపలి గాలి మంచిదో కాదో తెలియాలని ముందు తాడుకు దీపం కట్టి దించారు. అది ఆరిపోకుండా వెలిగాక పెద్దన్న దిగి జొన్నలు పైకి అందించాడు. చేటతో ఇద్దరికీ పంచింది మాత్రం అమ్మే. ఆ సందు మళ్లీ మూయలేదు. దాని పక్కనే అమ్మ పొయ్యి పెట్టుకుంది. కోడళ్ల వంట నచ్చని రోజు అన్నలిద్దరూ చెరో వైపు నుంచి దూరి అక్కడికే వచ్చేవాళ్లు. మా అమ్మను చూస్తే నాకెంత గర్వంగా ఉండేదో!

కొన్నేళ్లకు అమ్మ కూడా పోయింది. దినాలయ్యాక అదే పామిడాయన వచ్చి, కాగితాలు ముందేసుకుని అడిగాడు. "ఈ నడిమిల్లు ఎవరికి రాయల్లప్పా?"

"ఉండు సామీ, అమ్మనడిగి..." అంటూ పెద్దన్న పొయ్యి వైపు తిరిగాడు.

చిన్నన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు కాగితం రాయలేదు.