అమృత టీచర్ చుట్టిన కండెలు

అమృత టీచర్ రోజూ తంగళ్ళపల్లి నుంచి సిరిసిల్లకు నడిచే వచ్చేది. మొగుడు భీవండి మిల్లుల్లో. మా వాడ అంగన్‌వాడీ ఆమెదే. పిల్లల్ని కొట్టకుండా పెంచడమెలాగో తల్లులకు మీటింగు పెట్టి చెప్పమని పైనుంచి ఆర్డరొచ్చింది. పెట్టింది. ఒక్కతీ రాలేదు. నలుగురు ఒకచోట కూర్చుంటే నక్సలైట్ల సంఘం మీటింగని పోలీసులు జీపెక్కించే రోజులవి. పైగా ఆడవాళ్లు రాట్నం వదిలితే నూలు చుట్టిన కండెలు అందవు. కండె అందకపోతే కరెంటు మగ్గం, మా సాంచా, ఆగుతుంది.

గంగారాం ఇంట్లో సాంచా ఆగితే దెబ్బ నీల మీద పడేది. ఏడేళ్ల పిల్ల. తల్లి లసుమవ్వ చుట్టిన కండెల్ని తండ్రికి అందించడం దాని పని. దాని వీపు మీది వాతలు చూశాక టీచర్ మీటింగుల జోలికి పోలేదు. మధ్యాహ్నం కాగానే ఆ ఇంటికే పోయేది. తనూ సాలెల బిడ్డే కదా, రాట్నం కొత్తకాదు.

"లే లసుమవ్వా, కండెలు నేను చుడ్త. నువ్వు పిల్లను పక్కకు కూసోవెట్టుకొని ఇంత బువ్వ తినిపియ్యి."

"గిది గూడ మీ సర్కారే చెప్పిందా అక్కా?"

"సర్కారుకు రాట్నమే తెల్వది. జరుగు."

చుడుతూనే సాంచా మోత మీదుగా అరిచేది: "కొడితే పిల్ల చేతులు వణుకుతయి తమ్మీ! పని ఇంకా ఆల్శమైతది!" గంగారాం సాంచా మీంచి తల ఎత్తేవాడు కాదు. కానీ కొట్టడం ఆగింది.

ఎందుకాగిందో లసుమవ్వే చెవిలో చెప్పింది: "నువ్వు అన్నల మనిషివని ఆయనకు భయం. గట్లనే అనుకోనియ్యక్కా."

టీచర్ అవుననలేదు, కాదనలేదు. ఆమె చెప్పిన ఏ మాటా పనిచేయలేదన్నమాట. ఎటొచ్చీ పిల్ల వీపు మానుతోంది. చాలనుకుంది.

ఆ పుకారు ఠాణా దాకా పోయింది. ఒక కానిస్టేబుల్ నేరుగా ఆ ఇంటికే వచ్చాడు.

"రోజు గీడ నీకేం పని? దళానికి కబుర్లు మోస్తున్నవా?"

గంగారాం సాంచా ఆపి వింటున్నాడు. అవునంటే ఠాణా, కాదంటే గంగారాం భయం పోయి నీలకు దెబ్బలు. ఊరుకుంటే ఇల్లిల్లూ సోదా.

"అంగన్‌వాడి టీచర్ను సార్. పిల్లల్ని కొట్టద్దని చెప్పెతందుకు వస్త. నాకు ఎవ్వలు తెల్వరు."

"అయితే మా ఇంటికి గూడ రా. మా ఆమె నన్నే కొడ్తది," అని నవ్వుకుంటూ పోయాడు.

గంగారాం ముందుకొచ్చాడు. "గింతేనా అక్కా నువ్వు? ఇన్ని రోజులు ఉత్తగనే భయపడ్డనా?"

"గింతే తమ్మీ."

నీల పోయి తల్లి వెనక నక్కింది. లసుమవ్వ రాట్నం మీద చెయ్యి వేసి ఆపేసింది.

"ఏందయ్యా చూస్తున్నవ్? కొట్టు. రేపటి సంది ఒక్క కండె గూడ చుట్ట. సాంచకు ఏం పెడ్తవో పెట్టుకో."

మొగుడి ముందు ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. గంగారాం ఆమెనొకసారి, టీచర్‌నొకసారి చూశాడు. ఏదో గొణిగి సాంచా దగ్గరికి పోయాడు. మళ్లీ మోత మొదలైంది.

టీచర్‌కు సంతోషపడే ఓపిక కూడా లేదు. నడుము పట్టుకుని లేచింది. ఇంకా తంగళ్ళపల్లి దాకా నడవాలి.

"రేపు గూడ వస్త తమ్మీ!" అని అరిచింది. గంగారాంకు వినపడిందో లేదో.