చుట్టూ నీళ్ళున్న ఊరి ప్రశ్న

ఏడు రోజులు చెప్పినా తరగని వీరగాథ ఒకటి వినిపిద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే అది ఒక ప్రశ్న, ఒక తప్పు జవాబు, అంతా కలిపి అయిదు నిమిషాల పని. నిన్న మా మనవరాలు ఏదో పరీక్షకు చదువుకుంటూ, రెండు మాటలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తే, రెండింటినీ నిజం చేసే మూడో మాట పట్టుకోవాలని నాకు పాఠం చెబుతుంటే, అరవై ఏళ్ళ కిందటి బందరు కళ్ళ ముందుకొచ్చింది.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గర ఊరు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు బందరులో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. అది రాకపోతే గుడివాడలో మావయ్య రైస్ మిల్లులో, ఊక ధూళిలో, జన్మంతా బస్తాల మీద ముద్రలు వేసుకోవాలి. ఆ మావయ్య నా పరుపుచుట్ట ఒళ్ళో పెట్టుకుని గది బయట బల్ల మీదే కూర్చున్నాడు. ముందు ముగ్గురు అధికారులు, వెనక మావయ్య. గదికి మరో తలుపు లేదు. కిటికీకి చువ్వలున్నాయి, అవీ చూశాను.

ముగ్గురిలో పెద్దాయన మెట్ట ప్రాంతం మనిషి.

"ఒక ఊరికి నాలుగు పక్కలా నీళ్ళే. అయినా ఎండాకాలం జనం బిందెలు పట్టుకుని మంచినీళ్ళ పడవ కోసం రేవులో కూర్చుంటారు. ఎందుకంటావు?"

వింటే అచ్చం మా ఊరే. ఇందులో వింతేముందో నాకు అంతుపట్టలేదు. పోటుకి సముద్రం ఏటిపాయలోకి ఎక్కి నీళ్ళు ఉప్పగా అయిపోతాయని మా వైపు పాలు తాగే పిల్లకైనా తెలుసు కనుక, అడుగుతున్నది దాని గురించి కాదని నిశ్చయించుకుని, ఇక మిగిలింది ఆ కూర్చోవడమొక్కటేనని దానికి కారణం వెతికాను.

"పడవ ఆలస్యమై ఉంటుందండీ."

ముగ్గురూ నవ్వారు. "అవి ఉప్పునీళ్ళని నీకు తట్టలేదటయ్యా?"

"అది తమరికి తెలిసే ఉంటుందనుకున్నానండీ."

నవ్వు ఆగిపోయింది. నా ఉద్యోగం కూడా అక్కడే ఆగింది.

బయటికి రాగానే మావయ్య, "ఏమడిగార్రా?" అన్నాడు.

"నీళ్ళు, మావయ్యా."

"ఇవ్వకపోయావా," అని పరుపుచుట్ట నా నెత్తిన పెట్టాడు.

మిల్లులో ముప్ఫై అయిదేళ్ళున్నాను. ఇప్పుడు మా ఊళ్ళో కుళాయిలున్నాయి, రేవులో బిందెలతో ఎవరూ కూర్చోరు. ఆ ప్రశ్న మనవరాలిని అడిగితే, ఏనాడూ ఆ పడవ కోసం ఎదురుచూడని పిల్ల, అవి ఉప్పునీళ్ళు కాబట్టి అని తడుముకోకుండా చెప్పేసింది. ఎరిగినవాడికే చిక్కు కనపడదు కాబోలు.

ఒక్క ప్రశ్న నా బతుకును బస్తాల మధ్య బంధించిందని ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాను. ఇందాక పాత పెట్టె వెతికితే ఆ ఇంటర్వ్యూ కార్డు దొరికింది. టైపు లోయరు పరీక్ష పాసైనవారినే తీసుకుంటామని అడుగున అచ్చువేసి ఉంది. నేను టైపు నేర్చుకోలేదు.