అతిథికి మాడు వడ్డించిన ఊరు

వలెన్సియాలో చేపల పెంపకం మీద ఎమ్మెస్సీ చేయడానికి వెళ్లిన కొత్తలో నేను తిన్న రొట్టెలన్నీ పేరిస్తే మా ఇంటి ముందు ఒక అరుగు లేచేది. పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె మధ్యలో చల్లారిన ఆమ్లెట్టు, రాత్రికి అదే రొట్టె మీద టమాటా రుద్ది ఇస్తే అదొక వంటకం. నేను పుట్టింది ఏలూరు పక్కన పెదపాడు వైపు, ఇటు వరిచేలు, అటు చేపల చెరువులు ఉన్న ఊళ్లో. మూడు పూటలా అన్నం తిని పెరిగిన ఒళ్లిది. అందుకే మా క్లాసులో మార్తా అనే అమ్మాయి, "ఆదివారం మా ఊరు రా, అమ్మ అన్నం వండుతుంది" అనగానే ఎగిరి గంతేశాను. మార్తా అంటే మా చర్చి అమ్మాయి పేరులా ఉంది గానీ, అసలు సిసలు స్పెయిన్ పిల్లే. వాళ్లది అల్బుఫేరా అనే సరస్సు ఒడ్డున ఎల్ పల్మార్ అనే చిన్న ఊరు.

వెళ్లడం చాలా తేలిక. వలెన్సియా ఊరి మధ్యలో ఎర్ర సిటీ బస్సు ఎక్కితే గంటలోపే దించేస్తుంది. అప్పట్లో టికెట్టు యూరో పైచిలుకు. ఎక్కుతూ డ్రైవరుని "ఎల్ పల్మార్?" అని అడిగాను. "అన్నం తినడానికేనా?" అని ఎదురడిగాడు. అవునన్నాను. "ఆదివారం ఈ బస్సెక్కే వాళ్లందరిదీ అదే పని" అన్నాడు. ఊరు దాటాక కిటికీలోంచి చూసి నోరు తెరిచేశాను. వరి మళ్లు, కాలవలు, దోనెల్లాంటి పడవలు, గట్ల మీద కొంగలు. గుండుగొలను దగ్గర హైవే దిగి కొల్లేటి వైపు వెళుతున్నట్టే ఉంది. తాటిచెట్లు లేవు, అంతే తేడా. ఇంత దూరం వచ్చి మళ్లీ మా ఊరికే చేరానా అని కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. అన్నం మీద ఆశతో పొద్దున ఏమీ తినకుండా పన్నెండుకే వాళ్లింటికి చేరాను. భోజనం మూడింటికట! మా ఇంట్లో మూడింటికి టీ పెడతారు. పెరట్లో మార్తా వాళ్ల అమ్మ అంపారో గారు నారింజ కట్టెలతో పొయ్యి రాజేస్తున్నారు. దాని మీద పెట్టిన మూకుడు మా పెళ్లిళ్లలో అప్పడాలు వేయించే దానంత వెడల్పుంది, లోతు మాత్రం నాలుగు వేళ్లకి మించదు. దాంట్లో కుందేలు మాంసం వేశారు. సరే అనుకున్నాను. చిక్కుడుకాయలు వేశారు, బాగుంది. తరువాత గిన్నెడు నత్తలు తెచ్చి గుల్లలతో సహా గుమ్మరించారు. నా గుండె ఆగినంత పనైంది. మా వైపు నత్తలు ఏరేది బాతులకి వేయడానికి.

"అవి మనుషులకేనా?" అని మార్తాని మెల్లగా అడిగాను.

"అవి లేకపోతే మా అమ్మ దీన్ని అన్నమే అనదు" అంది.

బియ్యం పోశాక ఇంకో విడ్డూరం. మూత పెట్టలేదు, గరిటె ముట్టలేదు. నీళ్లు ఇంకిపోయాయి, మంట ఇంకా ఎగదోశారు. కమురు వాసన మొదలైంది. ఆవిడేమో చేతులు కట్టుకుని, అడుగు చిటపటలాడడం వింటూ మూకుడు వైపు చెవి పెట్టి నిలబడ్డారు. నాకు కాళ్లు నిలవలేదు. "అడుగంటుతోందండీ!" అని తెలుగులోనే కేకేసి, పక్కనున్న గరిటె అందుకుని కలపబోయాను. ఇంటిల్లిపాదీ ఒక్కసారి అరిచారు. మార్తా నా చెయ్యి పట్టుకుంది. "కలిపావంటే ఈ ఊళ్లో నిన్నెవరూ కోడలిగా చేసుకోరు" అన్నాడు వాళ్ల నాన్న. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ కళ్లు మూకుడు మీదే ఉన్నాయి. ఇంత మంచి బియ్యం కళ్ల ముందే మాడ్చేస్తున్నారు.

భోజనాల బల్ల మీద మూకుడు మధ్యలో పెట్టారు. తలా ఒక చెంచా ఇచ్చారు. కంచాలు వస్తాయేమో అని చూశాను. ఈలోగా ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అని తెరిచేసరికి అందరూ తలో వైపు నుంచి ఆ మూకుట్లోనే తింటున్నారు! నోట్లో పెట్టుకున్న చెంచా మళ్లీ అన్నంలోకి, అక్కడి నుంచి మళ్లీ నోట్లోకి. అన్నాచెల్లెళ్లం ఒకరి గ్లాసులో ఒకరం నీళ్లు తాగితేనే "ఎంగిలి" అని మా నానమ్మ వీపు చీరేసేది. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, పక్కవాళ్ల వైపు చెంచా వెళ్లకూడదు, నచ్చని ముక్కలు మధ్యలోకి తోసేయొచ్చు, అది అక్కడి పద్ధతట. నా నత్తలన్నీ మధ్యలోకి ప్రయాణం కట్టాయి. అన్నం మాత్రం, నిజం చెప్పొద్దూ, అమృతంలా ఉంది. నా ముందున్న వాటా మొత్తం ఊడ్చేశాను.

అప్పుడు జరిగింది అసలు సంగతి. అంపారో గారు చెంచాతో అడుగు గీకి, మూకుడు మధ్యలోంచి అరచేతంత మాడు పెళ్లగించి నా ముందు పెట్టారు. నల్లగా, గోధుమ రంగుగా నిగనిగలాడుతోంది. నేను బిత్తరపోయాను. పిలిచిన అతిథికి మాడా? గూడెంలో మా పెద్దమ్మ ఇంట్లో ఎవరికైనా ఇలా పెడితే చుట్టాలు పదేళ్లు చెప్పుకుంటారు. నల్లగా ఉన్న పిల్ల కదా అని ఇలా పెట్టారా అని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. మొహాన నవ్వు పులుముకుని, "వద్దండీ, కడుపు నిండిపోయింది" అన్నాను. మా వైపు అయితే ఇలా అన్నాక కనీసం మూడుసార్లు బతిమాలతారు. ఆవిడేమో ఆ ముక్క తీసి వెనక్కి పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం బస్టాపు దాకా మార్తా తోడొచ్చింది. బస్సు దూరంగా కనబడుతుండగా అంది, "అమ్మకి నువ్వు వచ్చావని ఎంత సంబరంగా ఉందో. నీకు మా అన్నం నచ్చలేదా?"

"నచ్చలేదని ఎవరన్నారు?"

"సొకర్రాట్ వద్దన్నావుగా. అడుగున పట్టిన ఆ ముక్క కోసం మేం చిన్నప్పటి నుంచీ కొట్టుకుంటాం. మధ్యలో ముక్క అమ్మ ఎవరికీ ఇవ్వదు. నువ్వు బియ్యం పండే ఊరి దానివని, నీకు తెలుస్తుందని నీ ముందు పెట్టింది."

సిగ్గుతో చచ్చిపోయాను. బస్సు వచ్చి ఆగింది. దాన్ని పోనిచ్చి వెనక్కి నడిచాను. మా అమ్మ నన్ను పెంచిన పెంపకంలో ఒకరింటికెళ్లి నోరు తెరిచి తిండి అడగడం అనేది లేదు. అత్తిలిలో సొంత మేనత్త ఇంట్లో కూడా ఆకలేస్తోందని ఎన్నడూ అనలేదు. అంపారో గారు వంటింట్లో మూకుడు తోముతున్నారు. మాడు కాస్తా పోయిందనుకున్నాను. అయినా నాకొచ్చిన స్పానిష్ ముక్కలన్నీ కూడగట్టుకుని, "సొకర్రాట్ కావాలండీ, దయచేసి" అన్నాను.

ఆవిడ తడి చేతులు తుడుచుకున్నారు. కప్పి పెట్టిన పళ్లెం తీశారు. నేను వద్దన్న ముక్క, రాత్రికి తను తిందామని దాచుకున్నది, సగానికి విరిచి పెద్దది నాకిచ్చారు. కరకరలాడింది, పొగ వాసన, కుందేలు పులుసు సారమంతా దాంట్లోనే ఉంది. అంత రుచి మాడులో ఉంటుందని నాకు పాతికేళ్ల దాకా తెలియనందుకు ఒళ్లు మండింది. ఆవిడ నా భుజం తట్టి నవ్వుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు.

సెలవులకి ఇంటికొచ్చాను. ఇదంతా ఏలూరులో నెట్ సెంటరులో కూర్చుని రాస్తున్నాను. మొన్న అమ్మ చెరువు పనివాళ్లకి పెద్ద గిన్నెలో కట్టెల పొయ్యి మీద అన్నం వండింది. అందరూ తిన్నాక పెరట్లో గీకుతున్న చప్పుడు వినబడింది. వెళ్లి చూస్తే అమ్మ పీట మీద ఒక్కతే కూర్చుని, నిన్నటి కొరమీను పులుసు పోసుకుని మాడు తింటోంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మాకు తెల్లన్నం పెట్టి తను మాడు తినే తల్లి అని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను ఒకసారి.

"ఇన్నేళ్లూ మా కోసం మాడు తిన్నావు కదమ్మా" అన్నాను.

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మీ కోసమేంటే? ఇంత బాగుంటదని తెలిస్తే మీరు నాకు మిగలనిస్తారా?"

స్పెయిన్లో నత్తల్ని చూసినప్పుడు కూడా అంత బిత్తరపోలేదు. ఇంకొకరి వంటింట్లో ఏది గౌరవమో తెలియక తప్పు చేశాననుకున్నాను గానీ, మా వంటింటి సంగతే నాకు తెలియదు. సరే, అటు వైపు చదువుకోడానికి వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా. ఎవరైనా ఇంటికి పిలిచి ఏదైనా పెడితే మొహమాటం కట్టిపెట్టి మొదటిసారే "కావాలండీ" అనేయండి. అక్కడ రెండోసారి అడగరు. మాడు విషయంలో మా అమ్మయితే మొదటిసారి కూడా అడగదు.