తాత చెయ్యి చూసిన గాలి

జువ్వలదిన్నెలో మా పక్కింటి తాత చేపల వేటకు పోయే ముందు చెయ్యి మోచేతిదాకా సముద్రంలో ముంచి, ఆ తడి చేతిని గాలికి పట్టేవాడు. ఆయన సరేనంటేనే మిగతా పడవలు కదిలేవి.

పోయిన ఏడాది ఆయన సరేనన్న రోజే గాలి అడ్డం తిరిగి రెండు పడవలు బోల్తాపడ్డాయి. మనుషులు ఎలాగో ఈదుకొచ్చారు.

"నీ చెయ్యి ముసలిదైపోయింది తాతా, ఇంక సెల్లులో చూసుకుంటాంలే" అన్నారు కుర్రాళ్లు. ఆయన మళ్లీ చెయ్యి ముంచలేదు.

సముద్రం వేడెక్కితే గాలులు నడిచే దారులే మారతాయని నేను పుస్తకంలో చదివాను. తప్పు ఆయనది కాదని చెప్పాలని రోజూ ఒడ్డుకు వెళ్లి, చెప్పకుండానే తిరిగొచ్చేదాన్ని. చివరికి ఒకరోజు చెప్పేశాను.

తాత తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లు ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉండాయని ఆ పొద్దే తెలిసింది పాపా. తెలిసీ వాళ్లను పొమ్మన్నా."